క్వాయ్ వంతెన పక్కన జపాన్ సైన్యం కట్టిన స్మారకం

సభకు నమస్కారం.

థాయ్‌లాండ్‌లోని కాంచనబురికి వెళ్లే టూరిస్టులు క్వాయ్ నది మీది ఇనుప వంతెన దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడికి దగ్గర్లోనే ఒక స్మారకం ఉంది. దాన్ని కట్టింది జపాన్ సైన్యం. అదీ 1944లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతుండగానే. థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం వేస్తూ చనిపోయినవాళ్ల కోసం కట్టారట. వాళ్లను ఆ పనిలోకి దింపింది, చచ్చేదాకా పని చేయించింది ఆ సైన్యమే. మరి దీన్ని ఏమనుకోవాలి?

సముద్రం మీద పంపే సరుకును మిత్రరాజ్యాల సబ్‌మెరైన్లు ముంచేస్తుంటే, బర్మాలోని జపాన్ సైన్యానికి భూమార్గం కావాల్సి వచ్చింది. 415 కిలోమీటర్ల దారిని 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా కలిపేశారు. జపాన్‌కు పట్టుబడ్డ మిత్రరాజ్యాల సైనికులు, అంటే యుద్ధఖైదీలు, 60 వేలకు పైగా పనిచేస్తే 12 వేలకు పైగా పోయారు. ఆసియా కూలీలు 2 లక్షల దాకా ఉంటారు, వాళ్లలో 90 వేల మంది పోయారని ఒక అంచనా. అంచనా అని ఎందుకు అంటున్నానంటే, ఖైదీల్లో వాళ్ల సొంత ఆఫీసర్లు, డాక్టర్లు ఉన్నారు, చనిపోయినవాళ్ల వివరాలు దొంగచాటుగానైనా రాసి దాచారు. కూలీలకు అలాంటివాళ్లెవరూ లేరు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి, లెక్క రాసిన నాథుడు లేడు.

ఆ కూలీల్లో చాలామంది మలయా, అంటే ఇప్పటి మలేసియా, రబ్బరు తోటలవాళ్లు. ఎగుమతులు ఆగిపోయి తోటల్లో పని లేదు. కొన్ని నెలల పని, కూలి, తిండి అని ఆశ పెట్టారు, తర్వాత పట్టుకుపోవడమే. వాళ్లలో తమిళులే ఎక్కువ. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వలస వెళ్లిన మన తెలుగువాళ్లూ ఆ తోటల్లో ఉండేవారు.

ఇప్పుడు స్మారకం సంగతికి వద్దాం. థాయ్‌లాండ్‌లోని జపనీయులు అక్కడ ఏటా నివాళి అర్పిస్తారు. శత్రువని చూడకుండా చనిపోయినవాళ్లందరినీ గౌరవించారన్నది దాన్ని సమర్థించేవాళ్ల మాట. బతికి బయటపడ్డ ఖైదీలకు అది ఒళ్లు మండించే నాటకం. నాకూ మొదట రెండో మాటే సబబనిపిస్తుంది. 1944లో ఆ స్మారకం లేచేనాటికి కూలీల్ని ఇళ్లకు పంపేయలేదు. పట్టాల మరమ్మతుకని అక్కడే ఉంచారు, మిత్రరాజ్యాల బాంబులకింద ఇంకా చస్తూనే ఉన్నారు. పని చేయిస్తూనే సంస్మరణ సభ పెట్టడాన్ని గౌరవం అనడానికి నాకు నోరు రాదు.

అయితే యుద్ధం గెలిచినవాళ్లు ఏం చేశారో కూడా చూడండి. ఖైదీల శవాల్ని తవ్వి తీసి, కాంచనబురిలో పచ్చగడ్డి మధ్య దాదాపు 7 వేల సమాధులు కట్టారు. తెలిసిన ప్రతి పేరూ చెక్కించారు. చాలా మంచి పని. కూలీలకు మాత్రం అలాంటి శ్మశానం ఒక్కటీ లేదు. 1990లో అదే ఊళ్లో చెరకుతోట తవ్వితే వందలాది అస్థిపంజరాలు బయటపడ్డాయి. జపాన్ స్మారకం మీద ఇంగ్లీషుతో పాటు తమిళం, మలయ్ భాషల్లో కూడా రాత ఉంది. చాలా ఏళ్లపాటు ఆ కూలీల్ని తలచిన రాయి అక్కడ దాదాపు అదొక్కటే. నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. నాటకమని తీసి పారేద్దామంటే వాళ్ల ఆనవాలూ దాంతోపాటే పోతుంది. పైగా దాని మీద ఒక్క కూలీ పేరూ లేదు.

అన్నట్టు, ఆ మార్గంలో నడిచిన సీ56 రైలింజన్ ఒకటి టోక్యోలో జపాన్ యుద్ధమృతుల్ని కొలిచే యాసుకుని గుడి మ్యూజియంలో తళతళలాడుతూ ఉంది. ఇంజన్‌కైతే నంబరు ఉంది, సీ5631.

కాబట్టి ఆ స్మారకాన్ని అలాగే ఉండనిచ్చి, దాని పక్కన ఇంకో పలక పెట్టాలంటాను. ఎవరు పని చేయించారో, కూలీల్ని ఎలా తెచ్చారో అందులో ఉండాలి. పేర్లూ ఉండాలి. అవి దొరకాలంటే కుటుంబాల నుంచే దొరకాలి. ఈ సభలో ఎవరింట్లోనైనా మలయా వెళ్లి మళ్లీ కబురు లేని తాతల సంగతి ఉంటే, వాళ్ల పాత ఉత్తరాలుంటే, సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి.