ఒక్క కీ నొక్కితే మినీమోగ్ లోపల ఏం జరుగుతుంది?

(తెరపై: మినీమోగ్ ప్యానెల్. కీ నొక్కగానే బరువైన బేస్.)

ఇది మినీమోగ్ మోడల్ డి, కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డ్ వాయిద్యం, అంటే సింథసైజర్ (ముద్దుగా సింథ్). 1970లో అమెరికాలో రాబర్ట్ మోగ్ కంపెనీ తెచ్చింది. ఇప్పుడు విన్న బేస్‌ను ఎవరూ రికార్డు చేసి లోపల పెట్టలేదు. అప్పటికప్పుడు వోల్టేజ్‌తో పుట్టింది. ఈ పెట్టెలో వోల్టేజ్‌కి రెండు ఉద్యోగాలు: ఒకటి శబ్దమై స్పీకర్ దాకా పోవడం, రెండోది తను వినబడకుండా ఆ శబ్దం ఎలా ఉండాలో చెప్పడం. సింథ్ అంటే తికమక పడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ రెండోదాని దగ్గరే.

కీ నొక్కితే ఆసిలేటర్, అంటే శబ్ద తరంగాన్ని పుట్టించే సర్క్యూట్, మొదలవుతుందనుకుంటాం. కాదు. పవర్ ఇచ్చినప్పటి నుంచీ మూడు ఆసిలేటర్లూ ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి. చివర్లో ఉన్న ఆంప్లిఫైయర్ మూసుకుని ఉంది కాబట్టి మనకు వినబడలేదంతే.

కీబోర్డ్ పంపేది ఏ స్వరమో చెప్పే వోల్టేజ్. లెక్క, స్థాయికి ఒక వోల్ట్. కింది 'స' నుంచి పై 'స'కి వెళ్తే ఒక వోల్ట్ పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ రెట్టింపవుతుంది. 220 హెర్ట్జ్ నుంచి 440కి ఒక వోల్ట్, 440 నుంచి 880కీ ఒక్క వోల్టే. ఈ రెట్టింపు పని ట్రాన్సిస్టర్‌ది. పాపం, వేడికి దాని లెక్క మారుతుంది. పాత సింథ్‌లను ఆన్ చేసిన వెంటనే వాయిస్తే శ్రుతి జారేది అందుకే.

(తెరపై: రంపం పళ్లలాంటి తరంగం.)

మూడు ఆసిలేటర్లనీ మిక్సర్‌లో కలుపుతాం. ఒకటి 440, ఇంకోటి 441 హెర్ట్జ్‌లో పెట్టి వినండి. సెకనుకోసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. అందరూ మెచ్చుకునే ఆ మందపాటి ధ్వనిలో సగం రహస్యం ఇదే.

మిగతా సగం ఫిల్టర్. నోటితో 'ఊ' అంటూ మెల్లగా 'ఆ'కి రండి. గొంతు మారలేదు, నోటి ఆకారం మారింది. ఇక్కడ ఆ పని కటాఫ్ నాబ్‌ది. కటాఫ్ అంటే ఒక హద్దు, దానికి పైనున్న ఫ్రీక్వెన్సీలను ఫిల్టర్ తగ్గిస్తుంది. కటాఫ్‌కి పైన ఒక స్థాయి వెళ్లేసరికి శబ్దం 24 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే దాదాపు 16వ వంతుకి. సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ల జతలు మెట్లలా ఒకదానిపై ఒకటి ఉంటాయి కాబట్టి దీన్ని నిచ్చెన ఫిల్టర్ అంటారు.

(శబ్దం: కటాఫ్ మెల్లగా తెరుచుకుంటుంది.)

ఇప్పుడు కటాఫ్‌ను తెరిచింది నేను కాదు, ఎన్వలప్, అంటే కీ నొక్కినప్పటి నుంచి సమయంతో మారే వోల్టేజ్‌ని ఇచ్చే సర్క్యూట్. కీ నొక్కగానే వోల్టేజ్‌ని పైకి లేపుతుంది, అది అటాక్. కొంత దించుతుంది, అది డికే. కీ వదిలేదాకా ఒక మట్టంలో ఉంచుతుంది, అది సస్టెయిన్. మొదటి రెండూ సమయాలు, సస్టెయిన్ మాత్రం మట్టం. మినీమోగ్‌లో ఎన్వలప్‌లు రెండు. ఒకటి ఫిల్టర్‌ని, ఇంకోటి ఇందాక మూసి ఉందన్న ఆంప్లిఫైయర్‌ని నడుపుతాయి.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. మూడో ఆసిలేటర్‌ని కీబోర్డ్ నుంచి విడదీసి, సెకనుకు ఐదారు సార్లు ఊగేంత నెమ్మదిగా పెట్టండి. ఆ వేగంలో అది స్వరంగా వినబడదు. కీబోర్డ్ పక్కనుండే మాడ్యులేషన్ వీల్ అనే చక్రాన్ని పైకి తోస్తే మిగతా రెండింటి శ్రుతిని ఊపుతుంది. అదే వోల్టేజ్‌ని ఫిల్టర్‌కి పంపితే శబ్దం 'వావ్ వావ్' అంటుంది.

దీనికి మూల్యం ఉంది: వినబడే ఆసిలేటర్లు రెండే మిగులుతాయి. 2016లో కంపెనీ మోడల్ డి మళ్లీ తయారు చేసినప్పుడు ఈ ఊపుడు పనికి విడిగా ఒక ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) పెట్టింది. మూడో ఆసిలేటర్ మళ్లీ పాటలోకి వచ్చింది.