గన్నవరం మీద ఫ్లైట్ చక్కర్లు ఎందుకు కొడుతుంది?

హాయ్ అండి. చలికాలం వస్తే చాలు, "గన్నవరంలో పొగమంచు, గాల్లో చక్కర్లు కొట్టిన విమానం, ప్రయాణికుల్లో టెన్షన్" అని టీవీలో స్క్రోలింగ్ మొదలెట్టేస్తారు. టెన్షన్ సంగతేమో గానీ ఆ చక్కర్లు మాత్రం ఏటీసీ వాళ్ళు, అంటే కింద నుంచి రేడియోలో విమానాలకి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, పక్కా లెక్కతో కొట్టించేవే.

అంతా టవర్‌లో కూర్చున్నోళ్ళే చూస్తారనుకుంటాం కదా, కాదు. రన్‌వే, దాని చుట్టుపక్కల వరకే టవర్, దిగడానికి వచ్చేవాటిని వరసలో పెట్టేది అప్రోచ్ కంట్రోలర్, ఇంకా పైన దూరాలు పోయేవాటిని ఏరియా కంట్రోల్ చూస్తుంది. చిన్న ఎయిర్‌పోర్టుల్లో టవర్, అప్రోచ్ రెండూ ఒకళ్ళే చూసుకోవడం కూడా ఉంటుంది.

ఇప్పుడు మంచు పట్టేసింది, కిందేం కనపడట్లేదు. విజిబిలిటీ ఇంత ఉందని కంట్రోలర్ చెప్తాడు, దిగాలా వద్దా అనేది మాత్రం పైలట్ డిసిషనే. కేటగిరీ వన్ ఐఎల్ఎస్‌తో (రేడియో సిగ్నల్స్‌తో రన్‌వేకి దారి చూపించే సిస్టమ్‌లో మొదటి రకం) దిగాలంటే మామూలుగా రన్‌వే మీద కనీసం 550 మీటర్లు కనపడాలి. కాసేపు ఆగుతానంటే హోల్డింగ్‌లో పెడతారు. అది బెంజి సర్కిల్ చుట్టూ తిరిగినట్టు గుండ్రంగా ఉండదండి, పొడుగ్గా కోడిగుడ్డు షేపులో, మామూలుగా కుడి వైపు మలుపులు, ఒక్కో రౌండుకి సుమారు 4 నిమిషాలు. ఇంకో ఫ్లైట్ వస్తే దాన్ని 1000 అడుగులు పైన పెడతారు, మూడోది వస్తే ఇంకో 1000 పైన. అన్నిటికన్నా కిందున్నది దిగడానికి వెళ్ళాక పైవాటిని ఒక్కోదాన్ని కిందకి దించుతారు.

ఇందులో నాకు బాగా నచ్చేది రీడ్‌బ్యాక్. కంట్రోలర్ "రన్‌వే టూ సిక్స్, క్లియర్డ్ టు ల్యాండ్" అంటే పైలట్ "సరే" అని ఊరుకోకూడదు, అదే ముక్క తన కాల్‌సైన్‌తో, అంటే రేడియోలో ఆ ఫ్లైట్‌ని పిలిచే పేరుతో, కలిపి తిరిగి అప్పజెప్పాలి, తేడాగా చెప్తే కంట్రోలర్ వెంటనే సరిచేస్తాడు. ఈ టూ సిక్స్ అంటే సుమారు 260 డిగ్రీల దిక్కు, అంటే ఫ్లైట్ హనుమాన్ జంక్షన్ వైపు నుంచి పడమటికి తిరిగి దిగుతోందన్నమాట. గాలి తూర్పు నుంచి వీస్తుంటే అదే రన్‌వేని అటు నుంచి జీరో ఎయిట్ అని వాడతారు, ఎందుకంటే ఫ్లైట్ మామూలుగా ఎదురుగాలికే దిగుతుంది.

మంచు విడవకపోతే శంషాబాద్ లాంటి చోటుకి డైవర్షనే, దానికి సరిపడా ఆయిల్ ముందే వేసుకునొస్తారు. పైలట్ "మినిమమ్ ఫ్యూయల్" అన్నాడంటే ఇంక లేటు తట్టుకోలేను అని చెప్పడం, అంతే, ముందు నన్నే దించండి అని కాదు. "మేడే ఫ్యూయల్" (మేడే అంటే ప్రమాదంలో ఉన్నామని చెప్పే పిలుపు) అంటే మాత్రం మిగతావన్నీ పక్కకి, ఫస్ట్ అదే దిగుతుంది.