కాలేయ క్యాన్సర్ ముప్పులో వంశపారంపర్యం పాత్ర ఎంత? - హైదరాబాద్ స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: ప్రేక్షకులకు నమస్కారం. హైదరాబాద్ స్టూడియో నుంచి ప్రసారమవుతున్న చర్చా కార్యక్రమానికి స్వాగతం. ఇంట్లో ఒకరు కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూస్తే, ‘ఇది మా వంశంలోనే ఉందా, రేపు మాకూ వస్తుందా’ అన్న భయం మిగిలినవారిని వెంటాడుతుంది. ఈ విషయం చర్చించడానికి కాలేయ వైద్య నిపుణులు, జన్యు శాస్త్రవేత్త, జన్యు సలహాదారు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, తండ్రి నుంచి బిడ్డకు కాలేయ క్యాన్సర్ వస్తుందా?

కాలేయ వైద్యుడు: క్యాన్సర్ రాదండి, దానికి దారితీసే పరిస్థితులు రావచ్చు. వాటిలో కొన్ని జన్యువుల ద్వారా వస్తాయి, మరికొన్ని జన్యువులతో నిమిత్తం లేకుండానే ఒకే కుటుంబంలో తరాల తరబడి కనిపిస్తాయి. ఈ రెండింటినీ విడదీసి చూడటం ఎంత కష్టమో చెప్పడానికి వైద్య చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త ప్రోటీన్‌ను గుర్తించి, అది కొన్ని కుటుంబాల్లో పదే పదే కనిపిస్తున్నందున వంశపారంపర్య లక్షణం కావచ్చునని తొలుత భావించారు. తీరా అది కాలేయానికి సోకి, క్యాన్సర్‌కు దారితీయగల హెపటైటిస్ బీ వైరస్ పైపొరలోని ప్రోటీన్ అని తేలింది. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతటి శాస్త్రవేత్తకే వంశలక్షణంగా తోచింది నిజానికి తల్లి నుంచి బిడ్డకు ప్రసవ సమయంలో సోకే వైరస్. పుట్టుకతో ఇది సోకిన శిశువుల్లో దాదాపు 90 శాతం మందిలో జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకినవారిలో 5 శాతం లోపు మందిలోనే అలా నిలిచిపోతుంది. అందుకే ఒకే తల్లి బిడ్డల్లో ముగ్గురికి కాలేయ జబ్బు ఉందంటే, జన్యువుల కన్నా ముందు నేను హెపటైటిస్ బీ పరీక్ష గురించే అడుగుతాను.

వ్యాఖ్యాత: అయితే జన్యువులకు ఇందులో పాత్రే లేదంటారా?

జన్యు శాస్త్రవేత్త: పాత్ర ఉంది, అక్కడే ఉంది. అదే వైరస్ సోకిన ఇద్దరిలో ఒకరి శరీరం దాన్ని వదిలించుకుంటుంది, మరొకరిలో అది తిష్ఠ వేస్తుంది. ఈ తేడాకు సోకిన వయసు ప్రధాన కారణమే అయినా, రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్‌ఎల్‌ఏ-డీపీ జన్యువుల్లోని తేడాలకు కూడా ఇందులో భాగం ఉందని 2009లో జపాన్ పరిశోధకులు చూపారు. అయితే ఇవాళ మన నగరంలో ఎక్కువ మందికి సంబంధించినది ఇంకొకటి ఉంది. దాని పేరు పీఎన్‌పీఎల్‌ఏ3. ఇది 22వ క్రోమోజోమ్ మీద ఉండే జన్యువు. దీని ప్రోటీన్‌లో 148వ స్థానంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి (ప్రోటీన్‌కు ఇటుకలాంటిది) బదులు మిథియోనిన్ చేరితే కాలేయంలో కొవ్వు పేరుకునే గుణం పెరుగుతుందని 2008లో అమెరికాలోని డాలస్ పరిశోధకులు కనుగొన్నారు. ఈ వేరియంట్, అంటే జన్యువు మారిన ఈ రూపం, మన భారతీయుల్లో అరుదైనదేమీ కాదు.

వ్యాఖ్యాత: ఒక్క అమైనో ఆమ్లం మారితే ఇంత తేడా ఎలా వస్తుంది మేడమ్?

జన్యు శాస్త్రవేత్త: మామూలుగా ఈ ప్రోటీన్ తన పని అయ్యాక కణంలోనే విచ్ఛిన్నమైపోతుంది. మారిన రూపం అలా విచ్ఛిన్నం కాకుండా కొవ్వు బిందువుల ఉపరితలం మీదే పేరుకుపోతుంది. కొవ్వును కరిగించే ప్రధాన ఎంజైముకు సీజీఐ-58 అనే సహాయక ప్రోటీన్ కావాలి. పేరుకుపోయిన పీఎన్‌పీఎల్‌ఏ3 ఆ సహాయకాన్ని తన దగ్గరే పట్టి ఉంచడంతో ఎంజైము పని మందగిస్తుంది, కొవ్వు అలాగే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే వాపు, దాని వెంట మచ్చలు, కొందరిలో చివరకు క్యాన్సర్ వస్తాయి. ఫ్యాటీ లివర్ ఉన్న యూరప్ రోగుల మీద 2014లో వెలువడిన అధ్యయనంలో, ఈ వేరియంట్ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చినవారికి, అసలు లేనివారితో పోలిస్తే కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 5 రెట్లు ఉందని తేలింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 5 రెట్లు అన్నది పోలిక మాత్రమే. రెండు ప్రతులున్నవారిలోనూ అత్యధికులకు జీవితకాలంలో ఈ క్యాన్సర్ రాదు.

కాలేయ వైద్యుడు: మేడమ్ చెప్పినదానికి నేను ఒకటి జోడిస్తాను, ఎందుకంటే మాకు ఆశ కలిగించేది ఇదే. ఈ వేరియంట్ ప్రభావం అందరిలో ఒకేలా ఉండదు. సన్నగా ఉన్నవారిలో దాని ప్రభావం స్వల్పంగా ఉండి, బరువు పెరిగేకొద్దీ బాగా ఎక్కువవుతుందని 2017లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. మద్యం తాగేవారిలో సిర్రోసిస్, అంటే మచ్చలు పడి కాలేయం గట్టిపడిపోయే స్థితి, ముప్పునూ ఇది పెంచుతుంది. అంటే జన్యువును మార్చలేకపోయినా, అది విజృంభించే పరిస్థితిని మార్చగలం. కంపెనీలు చేయించే వార్షిక హెల్త్ చెకప్ రిపోర్టుల్లో, పొట్ట అల్ట్రాసౌండ్ పేజీలో చివరన ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని ఒక చిన్న వాక్యం ఉంటుంది. షుగర్, కొలెస్ట్రాల్ బాగుంటే చాలనుకుని ఆ వాక్యాన్ని చదవకుండానే ఫైలు మూసేసేవారు ఎంతోమంది. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది.

వ్యాఖ్యాత: కొలెస్ట్రాల్ మామూలుగా ఉంటే కాలేయం బాగున్నట్టు కాదా?

జన్యు శాస్త్రవేత్త: కానే కాదు. 2014లో గుర్తించిన టీఎం6ఎస్‌ఎఫ్2 జన్యువులోని వేరియంట్ దీనికి మంచి ఉదాహరణ. కాలేయం నుంచి కొవ్వును రక్తంలోకి పంపే ప్రక్రియ అందులో దెబ్బతింటుంది. అందువల్ల రక్తంలో కొవ్వు తక్కువగా కనిపిస్తుంది, గుండె ముప్పు కొంత తగ్గుతుంది, కానీ ఆ కొవ్వంతా కాలేయంలోనే నిలిచిపోతుంది. జన్యు మార్పులన్నీ హాని చేసేవే అని కూడా అనుకోకూడదు. హెచ్‌ఎస్‌డీ17బీ13 అనే జన్యువు పనిచేయకుండా చేసే వేరియంట్ ఉన్నవారిలో కాలేయ జబ్బు ముదిరే అవకాశం తగ్గుతుందని 2018లో తేలింది. ఆ జన్యువు పనిని మందుతో తగ్గించే ప్రయోగాలు ఇప్పుడు సాగుతున్నాయి.

వ్యాఖ్యాత: మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. వాటి ప్రభావం గురించి సలహాదారు గారు చెప్పాలి.

జన్యు సలహాదారు: నా దగ్గరకు వచ్చిన కుటుంబంతో మొదట మూడు తరాల వంశవృక్షం గీయిస్తాను. దంపతుల మధ్య మామూలుగా ఒక గీత గీస్తాం, మేనమామనో మేనబావనో చేసుకుని ఉంటే రెండు గీతలు గీస్తాం. మన తెలుగు కుటుంబాల కాగితాల మీద ఈ జంట గీతలు తరచూ కనిపిస్తాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న ప్రతి వస్తేనే బయటపడే జబ్బుల విషయంలో దీనికి ప్రాధాన్యం ఉంది. దంపతులిద్దరూ లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని శరీరం సరిగా విచ్ఛిన్నం చేయలేని టైరోసినీమియా మొదటి రకం అలాంటిదే. చికిత్స లేని రోజుల్లో అది పసితనంలోనే కాలేయ క్యాన్సర్‌కు దారితీసేది. 1990లలో నిటిసినోన్ అనే మందు వచ్చాక, పుట్టగానే గుర్తించి మొదలుపెడితే ఆ ముప్పు ఎంతో తగ్గింది. రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బులో క్యాన్సర్ అరుదే గానీ సిర్రోసిస్ వస్తుంది. అందుకే ఒక బిడ్డకు అది తేలితే తోబుట్టువులందరికీ లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించమంటాం. ఇనుము పేరుకుపోయే హెచ్‌ఎఫ్ఈ జన్యులోపం మాత్రం ప్రధానంగా ఉత్తర యూరప్ మూలాలవారిది. మన దగ్గర ఇనుము పేరుకోవడానికి తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బు, దాని కోసం పదే పదే ఎక్కించే రక్తం ఎక్కువగా కారణమవుతాయి.

వ్యాఖ్యాత: కణితి పరీక్షలో ‘జన్యు మార్పు ఉంది’ అని రాగానే పిల్లలకూ వస్తుందేమోనని కుటుంబాలు హడలిపోతున్నాయి.

జన్యు శాస్త్రవేత్త: కణితిలో కనిపించే మార్పుల్లో అత్యధికం ఆ కణాల్లో తర్వాత ఏర్పడినవే, పిల్లలకు రావు. వేరుశనగ, మొక్కజొన్నలకు పట్టే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం, కణాల పెరుగుదలను అదుపులో ఉంచే టీపీ53 జన్యువులో 249వ స్థానంలో ఒక ప్రత్యేకమైన మార్పు తెస్తుంది. అది ఆ వ్యక్తి కాలేయానికే పరిమితం. షాంఘైలో పురుషుల మీద చేసిన ఒక అధ్యయనంలో అఫ్లాటాక్సిన్ ఒక్కటే ముప్పును 3 రెట్లకు పైగా, హెపటైటిస్ బీ ఒక్కటే 7 రెట్లు పెంచగా, రెండూ కలిసినప్పుడు ముప్పు 60 రెట్ల దాకా వెళ్లింది. మన పక్కనే పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వేరుశనగలో ఈ విషాన్ని తగ్గించడానికి చాలాకాలంగా పనిచేస్తోంది. బూజు వాసన వచ్చే పల్లీలను కడిగినా వేయించినా విషం పూర్తిగా పోదు, పారేయాల్సిందే.

వ్యాఖ్యాత: ఇంటికే వచ్చి లాలాజలం తీసుకెళ్లే జన్యు పరీక్షలు చేయించుకోవచ్చా?

కాలేయ వైద్యుడు: అందరికీ అవసరం లేదు. పీఎన్‌పీఎల్‌ఏ3 ఉందని తెలిసినా, లేదని తెలిసినా, ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి నేను చెప్పేది మారదు. బరువు తగ్గాలి, మద్యం మానాలి, షుగర్ అదుపులో ఉండాలి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌తో మచ్చల స్థాయి చూడాలి. సిర్రోసిస్ తేలితే మాత్రం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పనిసరి. చిన్నదిగా ఉన్నప్పుడు దొరికిన కణితిని నయం చేయగలం. పరీక్షలో ‘లేదు’ అని వచ్చిందని నిశ్చింతగా ఉండిపోవడమే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

వ్యాఖ్యాత: ఉప్పల్ నుంచి ఒక ప్రేక్షకుడి ప్రశ్న: ‘మా నాన్నగారు కాలేయ క్యాన్సర్‌తో పోయారు. ఆయనకు తాగే అలవాటు ఉండేది, నాకు లేదు. మా చెల్లెలు ఇప్పుడు గర్భవతి. మేమిద్దరం జన్యు పరీక్ష చేయించుకోవాలా?’

జన్యు సలహాదారు: ముందుగా నాన్నగారి పాత ఫైలు తీయండి. అందులో హెపటైటిస్ బీ, సీ పరీక్షల ఫలితాలు, సిర్రోసిస్ ఉందో లేదో చూడండి. ఎందుకంటే ఆయన జబ్బుకు కారణం మద్యమే అని ఇంట్లో అనుకున్నంత మాత్రాన వైరస్ లేదని కాదు.

కాలేయ వైద్యుడు: మీరిద్దరూ హెపటైటిస్ బీ రక్తపరీక్ష చేయించుకోండి. మన దేశంలో తొలి రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్‌తో చేసిన) హెపటైటిస్ బీ టీకా 1997లో ఈ హైదరాబాద్‌లోనే, శాంతా బయోటెక్నిక్స్‌లో తయారైంది. కానీ ప్రభుత్వ టీకా కార్యక్రమం ద్వారా దేశమంతటా అందింది 2011 తర్వాతే. కాబట్టి మీ వయసువారిలో చాలామందికి ఆ టీకా పడి ఉండదు. వైరస్ లేకపోతే ఇప్పుడైనా వేయించుకోవచ్చు. మీ నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటి ఉంటే అల్ట్రాసౌండ్, కాలేయ ఎంజైముల పరీక్ష కూడా చేయించుకోండి. మీ చెల్లెలి పరీక్ష మాత్రం ఈ వారమే జరగాలి. ఆమెకు వైరస్ ఉన్నట్టు తేలితే, ఎంత మోతాదులో ఉందో చూసి, అవసరమైతే కాన్పుకు ముందు నుంచే మందు ఇస్తారు. బిడ్డ పుట్టిన 12 గంటల్లోగా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాల) ఇంజెక్షన్ ఇవ్వాలి కాబట్టి, అది అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే కాన్పుకు ఏర్పాటు చేసుకోండి.