పాటను సంప్రదాయం చేసేది ఏమిటి?

(చీకటి తెర. ఒకే పల్లవిని మూడు గొంతులు మూడు తీరుల్లో పాడతాయి.)

ఈ మూడింటిలో అసలు పాట ఏదని ఎవరైనా అడిగితే, సంప్రదాయ జానపద గేయం విషయంలో ఆ ప్రశ్నకే చోటు లేదని చెప్పవలసి వస్తుంది. పాట పాతదై ఉండాలని, కట్టినవారి పేరు తెలియకూడదని చాలామంది భావిస్తారు. అవి తరచుగా కనిపించే లక్షణాలే గాని, పాటను సంప్రదాయంగా మార్చేవి కావు.

1954లో బ్రెజిల్‌లోని సావో పాలోలో సమావేశమైన అంతర్జాతీయ జానపద సంగీత మండలి, జానపద సంగీతాన్ని నిర్వచిస్తూ, గతాన్ని వర్తమానంతో కలిపే అవిచ్ఛిన్నత, పాడేవారి సృజన వల్ల పుట్టే వైవిధ్యం, ఏ రూపం నిలవాలో సమాజం చేసే ఎంపిక అనే మూడింటిని ప్రధానంగా పేర్కొంది. ఆంగ్ల జానపద గేయాల సేకర్త సెసిల్ షార్ప్ 1907లోనే ఈ మూడు సూత్రాలను ప్రతిపాదించారు. ఒక వ్యక్తి కట్టిన పాటైనా, అలిఖిత సంప్రదాయంలో కలిసిపోతే జానపదమే అవుతుందని మండలి ఒప్పుకుంది. జనం ఉన్నదున్నట్లుగా, ఏ మార్పూ లేకుండా పాడుకునే పాటను మాత్రం అంగీకరించలేదు. నా దృష్టిలో ఆ నిర్వచనానికి ప్రాణం ఇక్కడే ఉంది.

(తెర మీద: ఒకే కథాగీతపు పాఠాంతరాలు పక్కపక్కన.)

‘బార్బరా అలెన్’ అనే కథాగీతాన్ని తాను విన్నట్లు ఆంగ్ల దినచర్య రచయిత శామ్యూల్ పెపిస్ 1666 జనవరి 2న దినచర్యలో రాసుకున్నారు. ఆ తరువాత దొరికిన పాఠాల్లో కథ ఒకచోట ఆకులు రాలే కాలంలో మొదలైతే, మరొకచోట మొగ్గలు తొడిగే మే నెలలో మొదలవుతుంది. ప్రేమికుడి పేరు ఒకదానిలో సర్ జాన్ గ్రేమ్, మరొకదానిలో విలియం. చనిపోయిన ప్రేమికులిద్దరి సమాధులపై మొలిచిన గులాబీ, ముళ్లతీగ పెనవేసుకునే ముగింపు కొన్ని పాఠాల్లోనే ఉంది. అదే ముగింపు వేరే కథాగీతాల్లోనూ వినిపిస్తుంది. ఒక చరణం ఇలా పాటనుంచి పాటకు వలస వెళ్లడం నాకు ఎంతో అపురూపంగా తోస్తుంది, ఎందుకంటే మరిచిపోయిన చోటును గాయకులు తమకు తెలిసిన మరో పాటతో పూరించుకున్న జాడలు అందులో కనిపిస్తాయి.

అచ్చుకాగితం చూసి నేర్చుకున్నంత మాత్రాన పాట సంప్రదాయానికి దూరం కాదు. నేర్చిన తరువాత అది ఎన్ని నోళ్లలో నలిగిందన్నదే లెక్క. అందుకే పాట సేకరించేవారు, గాయని ఒక మాటను వేరుగా పలికినప్పుడు తప్పని సరిదిద్దకుండా, ఆమె పాడినది పాడినట్టే రాసుకుని, అదే పాటను మరొకరి నోట వినడానికి వెళ్లాలి.