హెమటైట్‌లో ఒక టైటానియం పొర: ఈ అయస్కాంతం ఎక్కడి నుంచి వచ్చింది?

నమస్తే అండి. భీమిలి తీరంలో నల్ల ఇసుక చూసే ఉంటారు. అందులో ఇల్మనైట్ ఉంటుంది, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. దాని స్పిన్‌లు, అంటే ఒక్కో ఇనుము దగ్గర ఎలక్ట్రాన్ల వల్ల ఉండే బుల్లి అయస్కాంతాలు, వరసలో నిలబడాలంటే 60 కెల్విన్ (దాదాపు మైనస్ 213 డిగ్రీల సెల్సియస్) కంటే కిందికి చల్లార్చాలి. హెమటైట్ అనే ఇనుము ఆక్సైడ్‌లో స్పిన్‌లు వరసగానే ఉంటాయి కానీ, ఒక పొర పైకి, పక్క పొర కిందికి. చివరికి మిగిలేది నామమాత్రం. మరి ఈ రెండూ సన్నని పొరలుగా అల్లుకున్న కొన్ని రాళ్లలో అంత గట్టి అయస్కాంతత్వం ఎలా వచ్చింది? అది పొరలు కలిసే చోటే పుడుతుందని 2002లో రాబిన్సన్, హారిసన్ అనే పరిశోధకుల బృందం చెప్పింది. మనం కంప్యూటర్‌లో లెక్క కట్టి చూద్దాం.

స్క్రీన్ మీద హెమటైట్ సెల్, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క. 30 పరమాణువులు: 12 ఇనుము, 18 ఆక్సిజన్. ఇనుము 6 పొరలు, పొరకు రెండేసి. మూడు పొరలు పైకి, మూడు కిందికి.

ఎలక్ట్రాన్ల లెక్కలు చేసే క్వాంటమ్ ఎస్‌ప్రెస్సో ప్రోగ్రామ్ ఇన్‌పుట్‌లో ఇనుముకు రెండు పేర్లు పెట్టండి, మొదటి స్పిన్‌గా ఒకదానికి ప్లస్, రెండోదానికి మైనస్. నేను మొదట్లో అన్నిటికీ ఒకే పేరు పెట్టాను. స్పిన్‌లన్నీ ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి, రెండు రోజులు వృథా! ప్రోగ్రామ్ తప్పేం లేదు, నేను చెప్పిందే చేసింది.

ఇప్పుడు కిందికి ఉన్న ఒక పొరలోని రెండు ఇనుములూ తీసి టైటానియం పెడదాం. ఒక్కో ఫెర్రిక్ ఇనుముకు (మూడు ఎలక్ట్రాన్లు ఇచ్చేసిన ఇనుము) 5 బోర్ మ్యాగ్నెటాన్లు (బుల్లి అయస్కాంతాల బలానికి కొలత), కాబట్టి కిందివైపు 10 తగ్గాయి. కానీ టైటానియం నాలుగు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఇనుము ఇచ్చేది మూడే. ఆ మిగులు ఎలక్ట్రాన్లు రెండూ పక్క పొరల్లోని రెండు ఇనుములకు చేరి వాటిని ఫెర్రస్‌గా (రెండే ఇచ్చిన ఇనుముగా) మారుస్తాయి, అంటే 4 చొప్పున. అవి పైకి ఉన్న పొరలు కదా, అక్కడ 2 తగ్గింది. 10 లోంచి 2 పోతే 8.

అదే ఒక టైటానియం పైపొరలో, ఇంకొకటి కిందిపొరలో పెడితే? సున్నా. రెండూ రన్ చేసి మొత్తం శక్తి పోల్చండి, ఏది తక్కువైతే ఖనిజం దానికి మొగ్గుతుంది.

ఒక్క మాట. ఇనుముకు హబ్బర్డ్ యు పెట్టడం మరిచిపోకండి, అది ఎలక్ట్రాన్లు ఒకే ఇనుము దగ్గర నిలిచేలా చేసే సవరణ. అవుట్‌పుట్‌లో మొత్తం మాగ్నెటైజేషన్ 8కి బదులు దశాంశాల్లో వస్తే, ఆ ఎలక్ట్రాన్ ఒక ఇనుము దగ్గర నిలవలేదని అనుమానించండి. అప్పుడు ఒక ఇనుము చుట్టూ ఉన్న ఆక్సిజన్లను చెయ్యి పెట్టి కొంచెం దూరం జరిపి, మళ్లీ రన్ చేయండి.