కారు పైకప్పు గుడ్డ జారితే

శ్రోతలకు నమస్కారం.

పాతబడిన కారులో పైకప్పు గుడ్డ పొట్టలా కిందికి దిగి తలకు తగులుతుంటుంది. మరీ జారితే, నడిపేవారికి అద్దంలో వెనక వచ్చే వాహనాలు కూడా కనిపించవు. అందుకే దీన్ని అందానికి సంబంధించిన విషయంగా వదిలేయకూడదు.

జిగురు ఊడిందని చాలామంది అనుకుంటారు. అసలు దోషం స్పాంజిది. పైన గట్టి అట్ట, కింద గుడ్డ, ఆ రెంటి మధ్య పలుచని స్పాంజి పొర ఉంటాయి. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి ఆ స్పాంజి పొడైపోతుంది. జారిన చోట అరచేత్తో నొక్కి రుద్దండి. గరగరలాడినా, పసుపురంగు పొడి రాలినా స్పాంజి పోయినట్టే. ఇక గుడ్డ మీద ఎంత జిగురు పూసినా అది అంటుకునేది ఆ పొడికే. కొద్ది రోజుల్లో మళ్లీ ఊడుతుంది, పైగా మరకలు మిగులుతాయి. అప్పటికి గడవాలంటే మెలి పిన్నులు, అంటే మరలా తిప్పి ఎక్కించే పిన్నులు, గుచ్చడమే నయం.

గుడ్డ మీద గోధుమరంగు వలయాలుంటే మాత్రం ఆగండి. నీరు కారుతోందన్నమాట. సన్‌రూఫ్ నీటి గొట్టాలు పూడుకుపోయాయేమో, యాంటెన్నా మొదట్లో, ముందు అద్దం అంచుల్లో సందులున్నాయేమో చూసి, ముందు ఆ కారడాన్ని ఆపాలి.

శాశ్వతంగా బాగుచేయాలంటే అట్టను బయటికి తీయక తప్పదు. పక్క స్తంభాల్లో, పైకప్పు అంచుల్లో ఎయిర్‌బ్యాగులున్న కారైతే ఈ పని మెకానిక్‌కే అప్పగించండి. నా మాట ఇందులో ఖండితం. లేనివాటిలో బ్యాటరీ తీగ విప్పి, దీపం, చేతి పిడులు, సన్‌వైజర్లు తీసి, అట్టను విరగకుండా దించాలి.

ఓపిక కావలసింది ఆ తర్వాతే. మాస్కు కట్టుకుని, మెత్తని బ్రష్షుతో పాత స్పాంజిని పూర్తిగా గోకాలి. కొంచెం మిగిలినా కొత్త గుడ్డ అక్కడే లేస్తుంది. స్పాంజి అంటించి ఉన్న కొత్త గుడ్డనే కొనండి. వేడికి కరగని స్ప్రే జిగురును అట్టకూ గుడ్డకూ రెంటికీ కొట్టి, చేతికి అంటీ అంటనట్టు ఆరాక, నడిమి నుంచి అంచులకు అరచేత్తో అదుముతూ పోవాలి. గుంతల్లో గుడ్డను సాగదీయకండి, లోపలికి నొక్కండి. దీపానికీ పిడులకూ రంధ్రాలు గుడ్డ అతికాకే కోయాలి. జిగురు పూర్తిగా ఆరాక అట్టను తిరిగి బిగించవచ్చు.

నమస్కారం.