జడ ఒక్కటే కనిపించినప్పుడు

అందరికీ నమస్కారం.

మన విశాఖలో ఈ మధ్య డాన్స్ ప్రోగ్రాం అంటే వెనకాల ఎల్‌ఈడీ తెర ఉండాల్సిందే. దాని మీద జలపాతం పారుతుంటుంది, పూలు రాలుతుంటాయి. ముందున్న పిల్ల ఎంత చక్కగా ఆడినా మన చూపు జలపాతం మీదికే పోతుంది. వీడియో, నాట్యం కలవడమంటే ఇదేనా? నేను దీన్ని వాల్‌పేపర్ అంటాను.

భామాకలాపంలో సత్యభామ ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక నుంచి జడ మాత్రం ఇవతల పడుతుంది. మొహం ఇంకా కనిపించదు. ఆవిడ గర్వమంతా ఆ జడలోనే ఉంటుంది. క్లోజప్ అంటే అదే కదా! ఏది చూపాలో, ఏది దాచాలో కూచిపూడి వాళ్లకు కెమెరా నేర్పలేదు.

1945లో అమెరికాలో మాయా డెరెన్ ఒక చిన్న మూకీ సినిమా తీసింది. అందులో టాలీ బీటీ అనే నర్తకుడు అడవిలో కాలెత్తుతాడు. ఆ కాలు దిగేది ఒక ఇంటి గదిలో! షాట్ తెగింది, కదలిక తెగలేదు. ఎంత సాధన చేసినా ఆ అడుగు వేదిక మీద వెయ్యలేం. సగం ఆయన వేస్తే సగం ఎడిటింగ్ వేసింది.

తర్వాత 1970లలో నాట్యకర్త మెర్స్ కన్నింగ్‌హామ్, సినిమాలు తీసే చార్లెస్ అట్లాస్ కలిసి వీడియో కోసమే నాట్యాలు కూర్చారు. కెమెరా ముందు చోటు లెన్సు దగ్గర ఇరుకు, దూరం పోయేకొద్దీ వెడల్పు. దగ్గరగా నిలబడి పక్కకి రెండడుగులు వేశారా, ఫ్రేములోంచి మాయం.

నాకు మరీ ఇష్టం అమెరికా నర్తకి ట్రిషా బ్రౌన్. 1966లో ప్రొజెక్టర్‌ని వీపుకి కట్టుకుని ఆడింది. అందులోంచి పడే సినిమాలోనూ ఆమే, అదే నాట్యం. ఆమె తిరిగితే బొమ్మ గోడల మీద పరుగెత్తేది. వాల్‌పేపర్‌లా వెనక నిలబడి ఉండే బొమ్మ కాదది.

మా సంగతీ చెప్పాలి. ఒకరోజు తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో ఒక అమ్మాయి నాట్యం తీశాం. మన సముద్రం తూర్పున కదా, సూర్యుడు ఆమె వెనక లేచాడు. మొహం నల్లగా అయిపోయింది. అభినయమంతా పోయిందని నాకు ఒకటే టెన్షన్. ఇంటికొచ్చి చూస్తే వేళ్ల అంచులు మాత్రం తోలుబొమ్మ చేతుల్లా కత్తిరించినట్టు తీరుగా కనిపిస్తున్నాయి. అప్పటికి నేను మొహం గురించి మర్చిపోయాను.

అది ఇప్పుడు ఈ పక్క గోడ మీద వేస్తాను. లైట్లు ఆపండి బాబూ. ఆ ఎల్‌ఈడీ తెర కూడా.